వైద్యవిద్యార్థులు - కంప్యూటరు కేసుషీట్లు

శవచ్ఛేదము నేర్పక విద్యార్థి చేతికి శస్త్రమిచ్చు వైద్యకళాశాల లేదు. సూదిమందు వేయుటయు మొదట బొమ్మమీదనే అభ్యసింపజేయుదురు. కాని రోగి చరిత్రమంతయు నిక్షిప్తమైయుండు ఎలక్ట్రానిక్ రికార్డును మాత్రము నిజమైన రోగిమీదనే నేర్చుకొమ్మని విద్యార్థిని విడిచిపెట్టుట పెక్కుచోట్ల ఆచారమైనది. ఇది మాకు సమ్మతము గాదు.

2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతట ప్రారంభింపబడెను. పౌరునకు 14 అంకెల ఆభా సంఖ్యనిచ్చి, అతని సమ్మతితో ఒక ఆసుపత్రి రికార్డు మరియొక ఆసుపత్రికి అందజేయుట దీని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. అయితే కాగితపు కేసుషీటులోని తప్పు చాలవరకు ఆ వార్డులోనే నిలిచిపోయెడిది. ఇప్పుడో, పెన్సిలిన్ పడదని వ్రాయవలసిన గడి ఖాళీగ విడిచినయెడల ఆ లోపము రోగివెంట ఊరూర తిరుగగలదు. నిన్నటి పరీక్షావృత్తాంతమును నేటి తేదీక్రింద అతికించు దుర్గుణమును పూర్వము చేతినొప్పియైన కొంత అదుపుచేసెడిది. నేడు రెండు మీటలతో పని తీరుచున్నది!

కావున అభ్యాసమునకై ప్రత్యేక సాఫ్ట్‌వేరు కావలెను. అందలి రోగులు కల్పితులు. మూత్రపిండములు చెడినవానికి మెట్‌ఫార్మిన్ యథాప్రకారము వ్రాసినచో యంత్రము హెచ్చరించునట్లును, హెచ్చరికను చదువక త్రోసివేసినవాని జాడ ఉపాధ్యాయునకు మిగులునట్లును దాని నేర్పరుపవచ్చును. 1968లోనే అమెరికా వైద్యుడు లారెన్సు వీడ్ రికార్డు బోధనసాధనము కావలెనని వాదించెను.

ధనము లేదందురా? ఓపెన్ ఎంఆర్ఎస్ అను సాఫ్ట్‌వేరు ఉచితము. దాని ఆధారముగ మన దేశముననే రూపొందిన బాహ్మ్ని, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామమున జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరములనుండి పుట్టినది. పల్లె ఆసుపత్రికి సాధ్యమైనది కళాశాలలకేల కాదు? విదేశీ కంపెనీల లైసెన్సులకై చేయిచాపుట యెందులకు?

ఇంకొక మాట. ఆ కల్పితరోగి తెలుగున మాటాడవలెను. మన జనులు ఆయాసమనినప్పుడు ఒకరికి ఊపిరాడకపోవుట, మరియొకరికి ఒట్టి అలసట. ప్రశ్నించి తెలిసికొనక తెరమీద కనబడిన ఆంగ్లపదమును నొక్కువాడు రోగిని మార్చి వ్రాసినట్లే. నర్సింగు విద్యార్థినులకును ఈ శిక్షణ తప్పనిసరి. రేయింబవళ్లు రికార్డు నింపువారు వారే గదా. విజయవాడ, వరంగల్లు ఆరోగ్యవిశ్వవిద్యాలయములవారు దీనికి ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు కేటాయింపవలెనని మా కోరిక. మార్కులు లేని విద్యను మన కళాశాలలలో ఎవరు చదువుదురో పాఠకులెరుగుదురు.