నాలుగు పాళ్లు నెమ్మది, ఒక పాలు శ్రమ

యాభై దాటాక మళ్లీ సైకిలెక్కినవారు చాలామంది మొదటి వారంలోనే యౌవనపు వేగాన్ని ఆశిస్తారు. మోకాళ్లు నొప్పి పెట్టగానే వయసును నిందించి, సైకిలును గోడకు చేరవేస్తారు. నిజానికి అక్కడ లోపించింది క్రమం.

ఫ్రాన్సు దేశస్థుడు రొబేర్ మర్షాన్ 2012లో, నూరేళ్ల వయసులో, ఒక గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కారు. 2014లో, 102 ఏళ్ల వయసులో, అదే గంటలో 26.927 కిలోమీటర్లు తొక్కారు. ఆయన సాధనను శరీరధర్మ శాస్త్రవేత్త వెరోనిక్ బిల్లా తీర్చిదిద్దారు. ఏటా సుమారు 5,000 కిలోమీటర్లు. అందులో 80 శాతం తేలికగా, 20 శాతం మాత్రమే శ్రమపడి. రెండేళ్లలో ఆయన శరీరం ప్రాణవాయువును వినియోగించుకునే గరిష్ఠ సామర్థ్యం 13 శాతం పెరిగింది.

సోదరులారా! ముందుగా వైద్యుణ్ణి సంప్రదించండి. వారానికి మూడు రోజులు, పక్కవారితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో, అరగంటసేపు తొక్కండి. నెల రెండు నెలలు గడిచాక, వారంలో ఒక్కరోజు కొద్ది నిమిషాలు మాత్రం వేగం పెంచండి, మరునాడు విశ్రమించండి. ఈరోజు ఎంత దూరం వెళ్లామన్న లెక్క కంటే, వచ్చే వారం కూడా హాయిగా సైకిలెక్కగలమా అన్న విచారణే మేలు.