పొట్టి గుర్రానికి జూలు దువ్వటం

మీ ఇంట్లో భోజనాల బల్ల ఉంటే ఒకసారి దాని పక్కన నిలబడి చూడండి. అది ఇంచుమించు 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. దానికన్నా నాలుగే నాలుగు అంగుళాలు ఎత్తున్న గుర్రాన్ని మీరు ఊహించుకోగలరా? అది గుర్రప్పిల్ల కాదు సుమా! పూర్తిగా ఎదిగిన గుర్రం. పెద్ద గుర్రానికి ఉండే తల, మెడ, కాళ్ళు, తోక అన్నీ అదే పొందికలో, చిన్నవిగా ఉంటాయి. వీటిని మినియేచర్ గుర్రాలంటారు. మనం పొట్టి గుర్రాలని పిలుచుకుందాం.

అమెరికాలో వీటిని ముచ్చటపడి పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు. 1978లో వాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. తమ జాబితాలో చేరే గుర్రం 34 అంగుళాలు మించి ఉండరాదన్నది ఆ సంఘం నియమం. తమాషా ఏమిటంటే, ఈ ఎత్తును కొలిచే పద్ధతి. మామూలు గుర్రాన్ని నేల నుంచి మూపు మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు దాకా కొలుస్తారు. పొట్టి గుర్రాన్ని మటుకు మూపు దగ్గర జూలులో ఆఖరి వెంట్రుకలు మొలిచిన చోటు దాకా కొలుస్తారు. అంటే కొలబద్ద ఎక్కడ ఆనాలో చెప్పేది జూలే నన్నమాట! అందుకనే జూలు సవరించేవాళ్ళు ఆ ఆఖరి కుచ్చు జోలికి పోకపోవటం మంచిది.

ఈ గుర్రాలకు ప్రదర్శనలు జరుగుతాయి. పెద్దవాళ్ళు ఎక్కి స్వారి చేయటానికి ఇవి పనికిరావు గనక, తలకు హాల్టరు తగిలించి, పగ్గం పట్టుకుని న్యాయనిర్ణేత ముందు నడిపిస్తారు. చిన్న బండి కట్టి తోలే పోటీలు కూడా కద్దు. మీ వయసు పిల్లలకు వేరే పోటీలున్నాయి. అందులో ఒక పోటీలో గుర్రం అందానికి మార్కులు ఉండవు. దాన్ని పట్టుకొచ్చిన కుర్రవాడో, అమ్మాయో గుర్రాన్ని ఎంత శుభ్రంగా తయారుచేశారు, ఎంత నేర్పుగా నడిపించారు, ఎంత నిశ్చలంగా నిలబెట్టారు అన్నదే చూస్తారు. ఆ పిల్లలను నానా తిప్పలూ పెట్టేవి రెండే: మెడమీద జూలు, నుదుటి మీద ముంగురులు.

పొట్టి గుర్రాల జూలు ఎందుకంత దట్టంగా ఉంటుంది? వీటి పూర్వీకులలో చాలా భాగం షెట్లాండ్ గుర్రాలు. షెట్లాండ్ అంటే స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న దీవులు. అక్కడ చెట్టూ చేమా తక్కువ, వానా గాలీ ఎక్కువ. గుర్రాలు ఏడాది పొడుగునా బయటే మేస్తాయి. దట్టమైన జూలు మెడకు గొంగళి లాగా పనిచేస్తుంది. వాన నీరు చర్మానికి దిగకుండా వెంట్రుకల వెంబడి జారిపోతుంది. ఇంగ్లండులో 1842లో స్త్రీలనూ, పదేళ్ళు నిండని పిల్లలనూ బొగ్గుగనుల లోపల పని చేయించరాదని చట్టం చేశారు. ఆ తరువాత గనుల్లో బొగ్గు బండ్లు లాగటానికి ఈ గుర్రాలను ఎక్కువగా దించారు. పాపం, వాటిలో ఎన్నో భూమి లోపలే బతుకు వెళ్ళదీశాయి. ఇప్పుడు హాల్టరుకు తళతళలాడే బిళ్ళలు పెట్టుకుని నడిచే పొట్టి గుర్రాలకు అవి దగ్గర చుట్టాలు.

ఇక జూలు సంగతి చూద్దాం. గాడిదకూ, చారల గుర్రానికీ జూలు నిటారుగా బ్రష్షులాగా నిలబడి ఉంటుంది. మంగోలియాలో ఉండే ప్రెవాల్‌స్కీ అడవి గుర్రానికి కూడా అంతే. దానికి ముంగురులు లేవనే చెప్పాలి. మన పెంపుడు గుర్రానికి మాత్రం జూలు ఎందుకు పడిపోతుంది? దాని వెంట్రుకలు ఎంతో పొడుగు పెరుగుతాయి. పొడుగు పెరిగిన వెంట్రుక తన బరువుకు తానే వంగుతుంది. పొట్టి వెంట్రుకకు అంత బరువు లేదు, బిరుసు మాత్రం ఉన్నది. అందుచేత అది నిలబడుతుంది. నార్వే దేశపు ఫ్యోర్డ్ గుర్రాలకు జూలు పొట్టిగా కత్తిరించి, విల్లులాగా నిలబడేటట్టు చేస్తారు. కత్తిరింపు మానేస్తే ఆ జూలు కూడా వాలిపోతుంది.

ఈ ఒక్క సంగతి తెలియక తొందరపడే వాళ్ళు చాలామంది ఉన్నారు. జూలు చిందరవందరగా ఉన్నదని కత్తెర తీసుకుని పొట్టిగా కత్తిరిస్తారు. మర్నాడు చూస్తే అది చీపురుకట్ట లాగా లేచి నిలబడి ఉంటుంది! అది మళ్ళీ పెరిగి వాలటానికి నెలలు పడుతుంది. ప్రదర్శన అంతవరకూ ఆగదు గదా?

కత్తెర పట్టుకునే ముందు చూడవలసినది ఇంకొకటి ఉన్నది. జూలు పాయలు పాయలుగా తెగి, మధ్య మధ్య పలచబడి, ముళ్ళులాగా లేచి ఉంటే అది దువ్వెనకు సంబంధించిన విషయం కాకపోవచ్చు. గుర్రం మెడను కంచెకో స్తంభానికో వేసి రుద్దుకుంటూ ఉండాలి. ఎందుకు రుద్దుకుంటుంది? దట్టమైన చలికాలపు బొచ్చులో పేలు పట్టి ఉండవచ్చు. జూలు పాయతీసి మొదళ్ళు చూస్తే తెలుస్తుంది. లేదా దోమకన్నా చిన్నవైన నుసుములు కుట్టటం వల్ల కావచ్చు. కొన్ని గుర్రాలకు ఆ కాటు పడదు. జూలు మొదళ్ళూ, తోక మొదలూ భరించరానంత దురద పెట్టి, నెత్తురు వచ్చేదాకా రుద్దుకుంటాయి. ఒంటికి రాసిన సబ్బు సరిగా కడగకపోయినా దురద పుడుతుంది. ఇలాటి గుర్రానికి ముందు కావలసినది పశువైద్యుడు. అందం తరువాత చూసుకోవచ్చు.

గుర్రం ఆరోగ్యంగా ఉన్నదనుకోండి. అప్పుడు చిక్కు తీయాలి. మీ అమ్మగారు మీ చెల్లాయికి చిక్కు తీసేటప్పుడు ఏం చేస్తారో గమనించారా? కొసలు ముందు విడదీసి, కొంచెం కొంచెంగా పైకి వస్తారు. గుర్రానికీ అంతే. మొదట వేళ్ళతో విడదీసి, తరువాత పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన వాడాలి. తడిసిన వెంట్రుక సాగుతుంది, త్వరగా తెగుతుంది. అందుకని పెద్ద చిక్కులన్నీ తల స్నానానికి ముందే తీసేయాలి. నూనె జాస్తిగా పట్టిస్తే నిగనిగలాడుతుంది, నిజమే. కాని గుర్రం మట్టిలో పొర్లిందంటే ఆ మట్టంతా జూలుకు అంటుకుని ఉన్న చిక్కుకు రెండింతలవుతుంది.

చాలా పొట్టి గుర్రాలకు జూలు రెండుగా చీలుతుంది: సగం కుడివైపుకు, సగం ఎడమవైపుకు. మెడ గట్టుకు రెండు పక్కలా వెంట్రుకలు దట్టంగా మొలవటమే ఇందుకు కారణం. ఎక్కడైనా సుడి ఉంటే అక్కడి వెంట్రుక ఎవరి మాటా వినదు. దీన్నంతా ఒకవైపుకు మళ్ళించటం ఎలా?

జూలును తడిపి, కావలసిన వైపుకు దువ్వి, వదులుగా చిన్న చిన్న జడలు అల్లుతారు. ఆరాక విప్పుతారు. ఇలా కొన్ని వారాలపాటు చేస్తే జూలు ఆ వైపుకు అలవాటు పడుతుంది. ఇందులో ఒక శాస్త్ర రహస్యం ఉన్నది. మీ వెంట్రుకలూ, మీ గోళ్ళూ, గుర్రపు జూలూ, దాని డెక్కలూ అన్నీ కెరటిన్ అనే పదార్థంతో తయారైనవే. కెరటిన్ పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాలలో కొన్ని చాలా బలహీనమైనవి. నీరు తగిలితే అవి వీడిపోతాయి. వెంట్రుక ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ బిగుసుకుంటాయి. రాత్రి తడి తలకు జడ వేసుకుని పడుకుంటే తెల్లవారి జుట్టు అలలు అలలుగా ఉండటానికి కారణం ఇదే. మళ్ళీ తడి తగిలితే కథ మొదటికి వస్తుంది. అందుకే ప్రదర్శన నాడు ముసురు పట్టిందంటే పాపం ఆ పిల్లల మొహాలు చూడాలి!

జడ బిగించి అల్లరాదు. బిగిస్తే కుదుళ్ళు లాగి గుర్రం రుద్దుకుంటుంది, ఉన్న జూలు ఊడుతుంది. రబ్బరు ముక్కలు రోజుల తరబడి వదిలేస్తే వెంట్రుక అక్కడే తెగుతుంది. మెడకు తొడుగులాగా సాగే గుడ్డ తొడిగి జూలును అణిచి ఉంచే పద్ధతి కూడా ఉన్నది. ఎండలో గుర్రానికి ఉక్కపోయకుండా చూసుకోవాలి మరి.

జూలు మరీ దట్టమైతే పలచన చేయక తప్పదు. లోపలివైపు నుంచి, పళ్ళున్న కత్తెరతో కాస్త కాస్తగా తీస్తారు, పైపొర కదల్చరు. కొన్ని జాతుల పెద్ద గుర్రాలకు జూలు పీకటం ఒక ఆచారం. నాలుగు వెంట్రుకలు దువ్వెనకు చుట్టి ఒక్క గుంజు గుంజుతారు. గుర్రానికి నొప్పి తెలియదని కొందరు వాదిస్తారు. ఆ సమయంలో తల ఎగరేసే గుర్రాన్ని అడిగితే ఏం చెబుతుందో మరి! కత్తెరతో అయ్యే పనికి పీకటం దేనికని నాకనిపిస్తుంది.

చెవుల వెనక హాల్టరు పట్టీ ఆనే చోట జూలును పూర్తిగా గొరుగుతారు. మామూలు గుర్రాలకు ఒక సులువైన కొలత ఉన్నది: చెవిని మెల్లగా వెనక్కు మడిస్తే కొస ఎక్కడ ఆనుతుందో అంతవరకు. పొట్టి గుర్రాలకు, మెడ సన్నగా పొడుగ్గా కనిపించాలని, ప్రదర్శనలలో ఇంకా ఎక్కువ గొరగటం కద్దు. ఒక అంగుళం తక్కువ గొరిగితే మర్నాడు సరిదిద్దవచ్చు. ఎక్కువ గొరిగితే ఏమీ చేయలేరు.

ఇప్పుడు ముంగురుల వంతు. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. గుర్రపు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక అది తల తిప్పకుండానే తన చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కాని సరిగ్గా దాని నుదుటి ముందరా, ముక్కు కిందా ఉన్న కాస్త చోటు దానికి కనబడదు. మీరు ఎదురుగా నిలబడి ముంగురుల మీదికి చెయ్యి చాస్తే, ఆ చెయ్యి దారిలోనే మాయమై, తరువాత హఠాత్తుగా నుదుటికి తగులుతుంది. ఉలిక్కిపడదూ? గుర్రం పొట్టిదైనా 70, 80 కిలోల బరువు ఉంటుంది. తల విదిల్చిందంటే మీ ముక్కు పగలగలదు. అందువల్ల పక్కన, భుజం దగ్గర నిలబడాలి. మెల్లగా మాట్లాడుతూ, ముందు మెడమీద చెయ్యి వేసి, అక్కడి నుంచి చెవుల మధ్యకు జరపాలి. కత్తెర కొస ఎప్పుడూ కంటివైపు ఉండరాదు. మొదటి రోజు కత్తెర లేకుండా ఉత్త చేత్తోనే నిమిరి వదిలేస్తే, రెండో రోజు పని సగం తేలికవుతుంది.

ముంగురులు ఎంత తీయాలి? పొట్టి గుర్రానికి ముంగురులు ముక్కుదాకా వేలాడుతుంటాయి. న్యాయనిర్ణేతకు దాని పెద్ద కళ్ళూ, చక్కని మొహమూ కనిపించాలి. అందుకని రెండు పక్కలా, అడుగునా పలచన చేసి, మధ్యన సన్నని పాయగా వదులుతారు. కాని ముంగురులు అలంకారం కోసం పుట్టినవి కావు. గుర్రానికి చేతులు లేవు; ఒంటిమీద ఈగ వాలితే తోకతో కొడుతుంది, కాని కళ్ళ దాకా తోక రాదు. కళ్ళ మీద ముసిరే ఈగలను తోలేవి ఈ ముంగురులే. ప్రదర్శన పది నిమిషాలలో ముగుస్తుంది, ఈగల కాలం నెలల తరబడి ఉంటుంది. అందుచేత తెలిసినవాళ్ళు పాయను పలచన చేస్తారే గాని పొడుగు తగ్గించరు. చాలామేరకు కత్తిరించవలసి వస్తే, ఎండాకాలంలో మొహానికి సన్నని వల తొడుగు వేసి ఆ లోటు తీర్చాలి.

మూతి మీద మీసాలూ, కళ్ళ చుట్టూ ఉండే పొడుగాటి వెంట్రుకలూ నున్నగా గొరగటం కూడా ప్రదర్శనలలో చాలాకాలంగా వస్తున్న అలవాటు. ముక్కు కింద ఉన్నది గుర్రానికి కనబడదని చెప్పుకున్నాం గదా? ఆ చోటును అది మీసాలతో తడిమి తెలుసుకుంటుంది. జర్మనీలో వాటిని గొరగటం నిషేధం. అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య కూడా 2021 జులై 1 నుంచి, మీసాలు గొరిగిన గుర్రాన్ని తన పోటీలలోకి రానివ్వటం లేదు. పొట్టి గుర్రాల ప్రదర్శనలు ఆ సమాఖ్యవి కావు. అందుచేత అక్కడ ఇది ఇంకా పెంచేవాళ్ళ ఇష్టానికే మిగిలి ఉన్నది. మీ దగ్గర ఒక పొట్టి గుర్రం ఉంటే మీరేం చేస్తారో ఆలోచించి చూడండి.

ప్రదర్శన రోజున చేసేది చాలా స్వల్పం. తెల్లవారుజామున జడలు విప్పి, వేళ్ళతో పాయలు విడదీసి, తడి చేతితో ఒకసారి నిమిరి, హాల్టరు కిందికి పోయిన ముంగురులను పైకి తీసి సర్దుతారు. ఒక మెత్తటి గుడ్డతో కళ్ళ కొసలూ, ముక్కు పుటాలూ తుడుస్తారు. పోటీ అయిపోయి హాల్టరు తీసేశాక, గుర్రాన్ని బయల్లోకి వదిలితే, అది ముందుగా మంచి దుమ్మున్న చోటు చూసుకుని, వెల్లకిలా పడి, హాయిగా అటూ ఇటూ పొర్లుతుంది.