పిల్లలు మితిమీరి ఎందుకు తాగుతున్నారు? తెలుగు తరగతి ఏమి చేయగలదు?



పదిహేను, పదహారేండ్ల పిల్లలు మద్యం తాగుతున్నారని వినగానే మనం చెడు స్నేహాలను, సినిమాలను నిందించి ఊరుకుంటాము. ఆ నింద కొంత న్యాయమే. కాని తాగినప్పుడు వారు మితం తప్పడానికి కారణం అది ఒక్కటే కాదు.

మొదటి కారణం రహస్యం. దాచి తాగేవాడు త్వరపడి తాగుతాడు. మొదటి గ్లాసు తలకెక్కకముందే రెండవది కడుపులో పడుతుంది. రెండవది వయస్సు. 'ఇక చాలు' అని నిగ్రహించే మెదడు ముందుభాగం సుమారు ఇరవై అయిదేండ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. తోటివారి ముందు పిరికివాడనిపించుకోవడం ఆ వయస్సులో భరింపరాని అవమానం. మూడవది మన నడవడి. పెండ్లిలో, జాతరలో తాగే పెద్దలే పిల్లవానిని సోడా తెమ్మని పంపుతారు. మగతనానికి గుర్తు అదేనని వాడు నేర్చుకుంటాడు.

చట్టం లేకపోలేదు. తమిళనాడులో ఇరవై ఒక్క ఏండ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. 2003 నుండి చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ అయిన టాస్మాక్‌దే. 2016, 2017, 2023 సంవత్సరాలలో అయిదేసి వందల దుకాణాలను మూయించారు. అయినా కొనిపెట్టే పెద్దవాడు ఒకడు దొరికితే ఆ నియమం వ్యర్థమే.

మరి మన వంతు ఏమిటి? నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. అది సారాకు ఎదురు నిలిచిన స్త్రీ కథ. దూబగుంట స్త్రీలు అందులో తమ బ్రతుకునే చూచుకున్నారు. 1992లో రోశమ్మ మొదలైనవారు నడిపిన ఉద్యమం ఆంధ్రప్రదేశ్ అంతటా వ్యాపించింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. చట్టం నిలువలేదు గాని, తమ భాషలో తమ బ్రతుకును చెప్పిన పాఠానికి ఎంత బలముంటుందో లోకానికి తెలిసింది.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల మన పిల్లలకు 2006 నాటి తమిళ బోధన చట్టం తరువాత బడిలో తెలుగు వినే సమయం తగ్గింది. ఇంటి కష్టం మాత్రం తెలుగులోనే ఉన్నది. కనుక దానిని చెప్పుకొనే చోటు తెలుగు పీరియడే కావాలి. 'మద్యపానం వల్ల నష్టాలు' అనే వ్యాసం మార్కులకు మాత్రమే పనికివస్తుంది. దానికి బదులు, స్నేహితుడు గ్లాసు అందించినప్పుడు ఏమని తప్పుకోవాలో పిల్లల చేతనే సంభాషణగా వ్రాయిద్దాం. పేర్లు అడగవద్దు, తీర్పులు చెప్పవద్దు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు తాగి వచ్చిన రాత్రి కొట్టకండి. స్పృహ తప్పితే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి. స్పృహలో ఉంటే కనిపెట్టి ఉండి, తెల్లవారిన తరువాత మాట్లాడండి. దెబ్బకు భయపడినవాడు తాగుడు మానడు, దాచడం నేర్చుకుంటాడు. దాచి తాగినంతకాలం మితిమీరి తాగుతూనే ఉంటాడు.