తండ్రిగారి ఇల్లు: ఉంచుకోవడమా, అమ్మడమా?

ఉద్యోగరీత్యా సూరత్ జిల్లాలోని కిమ్‌లో స్థిరపడిన మనవంటి వారికి స్వగ్రామంలోని తండ్రిగారి ఇల్లు ఎడతెగని సమస్య. ఉంచుకుంటే ఏటా మరమ్మతులు, ఇంటిపన్ను. అమ్మితే ఆ సొమ్మును ఎందులో మదుపు చేయాలన్న చింత.

ఇంజనీర్లం గనుక ముందుగా లెక్క చూద్దాం. ఇల్లు 40 లక్షలు పలుకుతుందని, అద్దెకిస్తే ఖర్చులు పోను ఏటా 60,000 రూపాయలు మిగులుతాయని అనుకుందాం. రాబడి 1.5 శాతమే. అమ్మకపు లాభాన్ని ఆరు నెలలలోగా నిర్దేశిత ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో 50 లక్షల వరకు మదుపు చేస్తే ఆ మేరకు పన్ను మినహాయింపు లభిస్తుంది. అయితే ఆ సొమ్ము 5 ఏళ్లపాటు చేతికి రాదు.

కాని లెక్కకంటె ముందు తేలవలసినది హక్కు. వీలునామా లేనప్పుడు తండ్రి స్వార్జితంలో భార్యకు, కుమార్తెలకు కుమారులతో సమానమైన వాటాను 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఇచ్చింది. కుటుంబం నివసించే ఇంటిని పంచమని కుమార్తె తానై కోరరాదన్న అందులోని 23వ సెక్షన్ 2005లో రద్దయింది. కనుక అక్కచెల్లెళ్ల సంతకం మర్యాద కోసం అడిగేది కాదు. అది లేని విక్రయం వారి వాటాకు చెల్లదు.

తల్లి ఆ ఇంట నివసిస్తున్నంతకాలం, లెక్క ఎంత లాభం చూపినా అమ్మరాదని మా అభిప్రాయం. అటుపిమ్మట అందరి సమ్మతితో అమ్మితే అది ఆస్తి రూపు మార్చడమే గాని పోగొట్టుకోవడం కాదు.