కుక్కకాటుకు టీకా ఒక్కటే చాలదు

కుక్క కరిస్తే సూది వేయించుకోవాలన్న సంగతి మన పల్లెల్లో ఇప్పుడు చాలామందికి తెలుసు. ఇది సంతోషించదగిన మార్పు. గొర్రె మెదడు నుండి తీసిన టీకాను బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులుగా పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. నొప్పి తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అయితే కాటు లోతుగా ఉన్నప్పుడు టీకాతో పాటు మరొక మందు కూడా తప్పనిసరి అన్న సంగతి మాత్రం ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఇంకా చాలా ఇళ్ళకు చేరలేదు. ఆ రెండవ మందు గురించి మన సంఘాల్లో మాట్లాడుకోవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ముందుగా టీకా ఒక్కటే ఎందుకు చాలదో చూద్దాం. రేబీస్ క్రిమి గాయం దగ్గరి నరాల్లో ప్రవేశించి మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. నీళ్ళు చూస్తే భయం, గాలి తగిలితే ఉలికిపాటు వంటి లక్షణాలు ఒకసారి కనిపించాక రోగి బ్రతకడం దాదాపు అసాధ్యం. టీకా చేసే పని ఏమిటంటే, క్రిమిని ఎదిరించే యాంటీబాడీలను మన శరీరమే తయారు చేసుకునేలా నేర్పడం. ఆ నేర్చుకోవడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. ముఖం మీద, మెడ మీద, చేతివేళ్ళ మీద లోతైన కాటు పడినప్పుడు అంతవరకు ఆగడం ప్రమాదం. పిల్లలు పొట్టిగా ఉంటారు కనుక వారికి ముఖం మీద, తల మీద కాట్లు పడడం ఎక్కువ. ప్రపంచంలో రేబీస్‌తో చనిపోయే ప్రతి పదిమందిలో నలుగురు పదిహేనేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ మధ్య రోజుల్లో కాపలా కాయడానికి తయారుగా ఉన్న యాంటీబాడీలనే గాయం లోపల, గాయం చుట్టూ సూదితో ఎక్కిస్తారు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఒక జంతువు రక్తంలో పుట్టిన రక్షణను మరొకరికి అందించవచ్చని బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు 1890లోనే చూపించారు. రేబీస్‌కు ఇచ్చే సీరం గుర్రాల రక్తం నుండి వస్తుంది. మన హైదరాబాదులో కూడా ఇది తయారవుతోంది. మనుషుల రక్తం నుండి తీసినది మరొక రకం. అది ఖరీదు ఎక్కువ, దొరకడం తక్కువ. గుర్రపు సీరం చవకే గాని కొందరికి పడదేమోనన్న భయంతో చాలాచోట్ల దానిని వేయడానికే వెనుకాడారు. జంతువుల మీద, రక్తదాతల మీద ఆధారపడే మందు గనుక కావలసినంత ఎప్పుడూ తయారు కాలేదు.

ఇక్కడే మోనోక్లోనల్ యాంటీబాడీ పరిశోధన మనకు మేలు చేసింది. పేరు పెద్దదే గాని విషయం ఆదోని మార్కెట్ యార్డు చూసిన వారికి సులభంగా అర్థమవుతుంది. యార్డులో పోసిన పత్తి కుప్పలో పది ఊళ్ళ పత్తి, పది రకాల పింజ కలిసి ఉంటుంది. గుర్రపు సీరం అలాంటిది. అందులో రేబీస్‌కు పనికొచ్చే యాంటీబాడీలతో పాటు పనికిరానివీ ఉంటాయి. అలా కాకుండా శ్రేష్ఠమైన ఒకే ఒక్క మొక్కను ఎంచి, దాని విత్తనంతోనే చేనంతా వేస్తే వచ్చే పత్తి అంతా ఒకే తీరుగా ఉంటుంది. మోనోక్లోనల్ అంటే అదే. క్రిమిని గట్టిగా పట్టుకునే ఒక యాంటీబాడీని ఎంచుకుని, దానిని తయారు చేసే కణాన్నే కోట్లుగా పెంచి మందు తీస్తారు. ఈ మార్గాన్ని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది.

దీనిని రేబీస్‌కు మందుగా మొదట వాడుకలోకి తెచ్చింది మన దేశమే. పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు సంస్థతో కలిసి తయారు చేసిన రాబీషీల్డ్ 2017లో మార్కెట్‌కు వచ్చింది. రెండు యాంటీబాడీలు కలిపిన ట్విన్‌రాబ్‌ను అహ్మదాబాదుకు చెందిన జైడస్ 2019లో తెచ్చింది. గుర్రపు సీరం బదులు ఇలాంటి మందు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

ఇది సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. యాంటీబాడీ మందుల పరిమితి ఏమిటో కోవిడ్ కాలంలో అందరూ చూశారు. 2021 మే నెలలో ఒక మోతాదు దాదాపు అరవై వేల రూపాయలకు మన దేశానికి వచ్చిన మందు, ఒమిక్రాన్ రకం వ్యాపించగానే పనికిరాకుండా పోయింది. రేబీస్ క్రిమి అంత త్వరగా మారదు. అయినా ఒకటికి రెండు యాంటీబాడీలు కలిపితే మంచిదన్న వాదం శాస్త్రవేత్తల్లో ఉంది. ఈ మందు లక్షణాలు వచ్చాక ప్రాణం పోయదు. టీకాకు బదులు కాదు. గుర్రపు సీరం చేతిలో ఉంటే కొత్త మందు కోసం ఎదురుచూడడం కూడా తప్పే. ఈనాటి గుర్రపు సీరం బాగా శుద్ధి చేసినది. దానికి ముందుగా చర్మ పరీక్ష అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే తెలిపింది. ఏది ముందు దొరికితే అది వేయించుకోవాలి.

వేసేవారికి కూడా ఒక మాట. కిలో బరువుకు గుర్రపు సీరం 40 యూనిట్లు, మానవ సీరం 20 యూనిట్లు, రాబీషీల్డ్ 3.33 యూనిట్లు, ట్విన్‌రాబ్ 40 యూనిట్లు. ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు. సీసా మీద చదివిన తరువాతే మందు తీయాలి.

పరిశోధన తన పని చేసింది. మిగిలిన పని మన చేతుల్లో ఉంది. రాత్రి ఎనిమిది గంటలకు కౌతాళం దగ్గరి పల్లెలో పిల్లవాడిని కుక్క కరిస్తే, ఆ మందు కర్నూలు పెద్దాసుపత్రిలో ఉండి ఏం లాభం? ఆదోని నుండి కర్నూలుకు వంద కిలోమీటర్ల దారి. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి నష్టం లెక్క వేసుకుని ఆ తల్లిదండ్రులు రేపు చూద్దాంలే అంటారు. ఆ రేపు వారం అవుతుంది. మొదటి టీకా వేసిన ఏడు రోజుల తరువాత యాంటీబాడీ మందు వేయకూడదు. అప్పటికి శరీరం స్వంతంగా తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లో గుర్రపు సీరమో, మోనోక్లోనల్ మందో ఏదో ఒకటి ఎల్లవేళలా ఫ్రిజ్‌లో ఉండాలి. గాయంలోకి దానిని ఎక్కించడం తెలిసిన నర్సు రాత్రి డ్యూటీలో కూడా ఉండాలి. కుక్కల ద్వారా వచ్చే రేబీస్ 2030 నాటికి లేకుండా చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రణాళిక ప్రకటించింది. ఆ మాట నిలబడేది ఢిల్లీలో కాదు, ఈ ఫ్రిజ్‌ల దగ్గరే. మనవంటి మిషను ఆసుపత్రులు కూడా ఖర్చు చూసి ఈ మందును పక్కన పెట్టకూడదు.

సుగ్గికి వెళ్ళే కుటుంబాల సంగతి మరీ ముఖ్యం. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుండి గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాల పనులకు పిల్లాపాపలతో వెళ్ళేవారికి టీకా పూర్తి చేసుకోవడం కష్టం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలో వేసే టీకా మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. యాంటీబాడీ మందు ఒక్కసారే గనుక అది ప్రయాణానికి ముందే అయిపోతుంది. మిగిలిన టీకాలను వెళ్ళిన చోట ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించుకోవచ్చు. చీటీ మాత్రం పారేయకుండా వెంట తీసుకుపోవాలి.

కాటు పడగానే చేయవలసినది ఇంట్లోనే మొదలవుతుంది. పదిహేను నిమిషాలపాటు ధారగా పారే నీటితో, సబ్బుతో గాయాన్ని కడగండి. కారం, సున్నం, పసరు పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. గర్భిణీలు, చంటిపిల్లలు కూడా నిర్భయంగా ఈ మందులన్నీ తీసుకోవచ్చు. ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరు కురుపులను కుక్కలు నాకాయని మనం చదువుతాము. పుండు మీద, గీసుకుపోయిన చర్మం మీద కుక్క నాకినా వైద్యుల దృష్టిలో అది లోతైన కాటుతో సమానమే. దానికీ టీకాతో పాటు యాంటీబాడీ మందు కావాలి.

దొంగల చేతిలో దెబ్బలు తిన్నవానిని చేరదీసిన సమరయుడు గాయం కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ళవానికి డబ్బిచ్చి, మిగతా ఖర్చు కూడా తానే ఇస్తానన్నాడు. ప్రతి సంఘమూ ఒక చిన్న నిధి పెట్టుకుని, కాటు పడిన పేదవానికి మందు ఖరీదు, బస్సు చార్జీ, ఒక రోజు కూలి అదే రోజు అందించగలిగితే మన ప్రాంతంలో ఈ మరణాలను ఆపవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఈ విషయం సంఘ పెద్దల ముందు పెట్టండి. మీకు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళి, టీకా ఉందా అని మాత్రమే కాక, గాయంలో వేసే మందు ఉందా అని కూడా అడగండి. లేదంటే ఎప్పుడు తెప్పిస్తారో అడిగి రండి.