పాట మిగిలితే చాలునా?

నేను ఇల్లు మారవలసివచ్చింది. నా దగ్గర రమారమి వెయ్యి గ్రామఫోను ప్లేట్లున్నాయి. సగానికి పైగా ఎల్పీలు, తక్కినవి 78 చుట్ల పాత లక్క ప్లేట్లు. కొత్త వాటా చిన్నది. మిత్రులందరూ ఒకటే సలహా ఇస్తున్నారు: "అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించెయ్యి, ప్లేట్లు వదిలించుకో. పాట మిగిలితే చాలదా?"

చాలదని నా వాదం. ఇది నా ఒక్కడి ఇంటి గొడవే అయితే ఈ పుటల్లోకి తెచ్చేవాణ్ణి కాదు. సంస్కృతి అంటే వినియోగించి పారేసే సరుకేననే దృక్పథం ఈ సలహాలో దాగి ఉంది. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనమే దాన్ని వల్లిస్తున్నాం.

ప్లేటు ఎలా పుట్టిందో చూడండి. 1902లో గ్రామఫోను కంపెనీ కలకత్తాలో పాటలు ముద్రించి, ప్లేట్లను జర్మనీలోని హానోవరులో అచ్చొత్తించింది. ఆనాటి గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. అక్కడి పనివాళ్ళు ఆ ముద్రణ ఎవరిదో గుర్తుపట్టడానికి అది పనికివచ్చింది. ప్లేటుకు కావలసిన ముఖ్యమైన ముడిసరుకు లక్క. ఛోటానాగపూరు అడవుల్లో కుసుమ చెట్లనుంచీ మోదుగ చెట్లనుంచీ ఆదివాసులు గీకి తెచ్చిన లక్క ఓడలెక్కి పోయి, ప్లేటై తిరిగివచ్చింది. అడవి మనది, శ్రమ మనది, గొంతు మనది. లాభం ఎవరిదో వేరే చెప్పాలా? ఈ చరిత్రకు ప్లేటూ, దానిమీది లేబులూ, గాడి పక్కన చెక్కిన సంఖ్యా సాక్ష్యాలు. సాక్ష్యాన్ని పారేసి తీర్పు మాత్రం దాచుకుంటామంటే ఎలా?

"మాకు కావలసింది శబ్దమేగా?" అనేవారున్నారు. ఆ శబ్దాన్నయినా సరిగా దాస్తున్నారా? ఎల్పీ ముల్లు లక్క ప్లేటుకు పనికిరాదు. లక్క ప్లేటు గాడి వెడల్పు, దానికి అంగుళంలో వెయ్యోవంతులు మూడున్న ముల్లు కావాలి. పాత ప్లేట్లన్నీ సరిగ్గా 78 చుట్ల వేగంతో ముద్రించినవీ కావు. వేగం నూటికి ఆరు పాళ్ళు తప్పితే శ్రుతి ఒక స్వరస్థానం జరుగుతుంది. ఆపైన గరగర పోగొట్టాలని శుద్ధి చేస్తారు. అది మితిమీరితే గరగరతోపాటు తంబురా నాదమూ పోతుంది. చివరకు ఆ ఫైలుకు "పాత పాట 27" అని పేరు పెడతారు. హార్మోనియం వాయించిందెవరు? రాసిందెవరు? గౌహర్ జాన్ గొంతెత్తి చెప్పుకున్న పేరును మనం ఒక్క మీట నొక్కి చెరిపేస్తున్నాం.

"అన్నీ కంపెనీలే భద్రపరుస్తాయి" అనేది మరో భ్రమ. 2008లో అమెరికాలోని యూనివర్సల్ స్టూడియో అగ్నిప్రమాదంలో మూల టేపులు కాలిపోయాయి. ఆ నష్టం ఎంత పెద్దదో 2019 దాకా లోకానికి తెలియలేదు. అదే 2019లో మైస్పేస్ అనే సంస్థ, పన్నెండేళ్ళపాటు జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చడంలో పోయాయని ప్రకటించింది. వారూ ఇల్లు మారినవారే!

పోనీ, ప్రజలకు అందిద్దామన్నవారిని ఊరుకోనిచ్చారా? 78 చుట్ల ప్లేట్లను అందరికీ ఉచితంగా వినిపిస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద 2023లో పెద్ద కంపెనీలు దావా వేశాయి. 2025లో అది రాజీతో ముగిసింది. మన చట్టం ప్రకారం శబ్దముద్రణ మీద హక్కు, వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళే. 1960 నాటికి వెలువడిన ముద్రణల మీద కంపెనీల హక్కు తీరిపోయింది. రచనకూ బాణీకీ ఉన్న హక్కు వేరు, దాన్ని విడిగా చూసుకోవాలి. ప్రజల పరమైన ముద్రణలను అందుకోవడానికి ప్రజలే సిద్ధంగా లేకపోతే తప్పెవరిది?

ఇక మనవాళ్ళ వాదం: "పద్యనాటకాలూ, భక్తి గీతాలూ భూస్వామ్య సంస్కృతి అవశేషాలు. పోతే పోనీ." ఇది విప్లవం కాదు, సోమరితనం. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి గొంతులు వినకుండా తెలుగు రంగస్థలం మీద విమర్శ ఎలా రాస్తాం? ఖండించడానికైనా ముందు వినాలి గదా!

డిజిటల్ ప్రతి వద్దనడం లేదు. అది తప్పనిసరి. కాని అది ఒంటరివాడి పని కాదు, మూటలు కట్టే తొందరలో అయ్యేదీ కాదు. నా వెయ్యి ప్లేట్లు తిరగడానికే నాలుగువందల గంటలు పడుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున నాలుగున్నర నెలలు. కడగడం, రాయడం అదనం. అదే పదిమంది విద్యార్థులు పంచుకుంటే రెండు వారాల పని.

అందుచేత నా ప్రతిపాదన ఇది. ముందు జాబితా. తరవాత ప్రతి లేబులుకూ ఫోటో. ఆపైన ఏ శుద్ధీ చెయ్యని మూలప్రతి, వేర్వేరు చోట్ల మూడు నకళ్ళు. ప్లేట్లు పాత సామాన్లవాడికి కాదు, గ్రంథాలయానికి. పాటల కోసం ఒక గది కేటాయించమని ప్రతి కళాశాలలో అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి అడగాలి. పుస్తకానికి గ్రంథాలయం కావాలని ఒక తరం ఉద్యమించింది. గొంతుకు గ్రంథాలయం కావాలని మనం ఉద్యమించవద్దా?