క్రిమినల్ ట్రైబ్: చచ్చిపోవాల్సిన మాట

మన బడి బోర్డు మీద ట్రైబల్ అని రాసుంది గదా, ఆ మాట ఎక్కడిదో ఎవరన్నా ఆలోచించారా? పాత రోము నగరంలో లాటిన్ భాష ఉండేది. అందులో 'ట్రిబుస్' అనే మాట నుంచి వచ్చింది. అది అడవిలో ఉండేవాళ్ల పేరు కాదు. రోము పౌరులందరినీ 35 ట్రిబుస్‌లుగా పంచారు. షావుకారైనా పేదోడైనా ఏదో ఒక దాంట్లో ఉండాల్సిందే, దాని ప్రకారమే ఓటు. (ఆడవాళ్లకు మాత్రం ఓటు లేదు.) అంటే ఆ గొప్ప గొప్ప సేనాపతులంతా ట్రైబలే! నాకు భలే నవ్వొచ్చింది.

క్రిమినల్ కూడా లాటినే. దాని మూలం 'క్రీమెన్'. అంటే ముందు నింద, తర్వాతే నేరం.

ఇంగ్లీషువాళ్లు ఈ రెండు మాటలు కలిపి 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. మా ఎరుకల వాళ్లనీ అందులో చేర్చారు. వేలిముద్రలు తీసుకునేవాళ్లు, హాజరు పిలిచేవాళ్లు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్టా పెట్టిన సెటిల్‌మెంటే. ఊరి పేరు కూడా ఒక దొరదే. దొంగతనం ఎవరు చేశారని కాదు, ఏ కులంలో పుట్టారని చూశారు. ఇది న్యాయమా?

1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మాట చచ్చిపోయిందన్నారు. మరి మన హాస్టల్లో సబ్బుపెట్టె పోతే మొదట ఎవరి ట్రంకుపెట్టె తెరుస్తున్నారు? మా అమ్మ మిరపకోతలకు పోయి, చేతులు మండుతున్నా ఓర్చుకుని కొనిచ్చిన పెట్టె అది.

వార్డెన్ మేడం గారూ, వెతకొద్దని నేను అనడం లేదు. వెతికితే అందరివీ వెతకండి, అటెండెన్సు వరస ప్రకారం. నాది 23వ నంబరు.